గుంటూరు గ్రహణానికి తేదీ ఉంది, టమాటా రేటుకు లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న: మళ్ళీ ఎప్పుడు? గ్రహణం మళ్ళీ ఎప్పుడు, కరువు మళ్ళీ ఎప్పుడు, టమాటాకు రేటు మళ్ళీ ఎప్పుడు. అందుకని పురుగుమందుల ప్రశ్నలు వచ్చే నెలకు జరిపి, వీటన్నిటినీ ఒకచోట చేర్చాను. నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరైనదాన్ని. ఆకాశం నా శాఖ కాదు. కానీ పంచాంగం చూడకుండా విత్తనం వేసే రైతులు నాకు తక్కువే తగిలారు, కాబట్టి ఆ లెక్కలు నేర్చుకోక తప్పలేదు.

ప్రశ్న: 1980లో పట్టపగలు చీకటి పడిన గ్రహణం చూశాను. అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. నా మనవడికి అలాంటిది చూపించే అవకాశం ఉందా? (నల్లగొండ నుంచి ఒక పాఠకుడు)

ఉంది, కాకపోతే రైలెక్కాలి.

మీరు చూసింది 1980 ఫిబ్రవరి 16, శనివారం నాటిది. కర్ణాటక తీరంలో దేశంలోకి అడుగుపెట్టి, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం జిల్లాల మీదుగా ఒడిశా వైపు వెళ్ళింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి జపాల్-రంగాపూర్‌లో ఉన్న అబ్జర్వేటరీ సరిగ్గా దాని దారిలో పడింది. నేనూ ఆ జిల్లా పిల్లనే. మా వీధిలో తలుపులన్నీ మూసేశారు, నీళ్ళ బిందెల్లో దర్భలు వేశారు. మా సైన్సు మాస్టారు మాత్రం అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం పెట్టి, బడి గోడ మీద సూర్యుణ్ణి పడేలా చేశారు. గోడ మీద ఆ చిన్న వెలుగుచుక్క కొడవలిలా సన్నబడటం చూశాక ఇక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం మూడు ముప్పావు ప్రాంతంలో కోళ్ళు గూటికి చేరాయి.

ఇక లెక్క. గ్రహణం పట్టాలంటే అమావాస్య కావాలి, ఆ అమావాస్యనాడు చంద్రుడు రాహుకేతువుల స్థానానికి, అంటే తన దారి సూర్యుడి దారిని దాటే చోటుకు, దగ్గరగా ఉండాలి, సంపూర్ణం కావాలంటే భూమికి కూడా దగ్గరగా ఉండాలి. ఈ మూడు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. కానీ 223 చాంద్రమాసాలు గడిచేసరికి మూడూ దాదాపు మొదటి చోటికే వస్తాయి. అంటే 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకు. దీన్నే సారోస్ అంటారు, బాబిలోనియా వాళ్ళకే తెలుసు. ఆ చివరి 8 గంటలే మనకు చిక్కు. ఆ వ్యవధిలో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కదా, అదే గ్రహణం ఈసారి ఇంకెవరి ఊళ్ళోనో పడుతుంది. మీ 1980 గ్రహణం 1998లో కరీబియన్ దీవుల్లో కనబడింది, 2016లో ఇండోనేషియాలో. మూడోసారికి 8 గంటలు మూడుసార్లు కలిసి ఒక రోజు పూర్తవుతుంది కాబట్టి మన వైపు వస్తుంది: 2034 మార్చి 20. ఆఫ్రికా, అరేబియా, ఇరాన్ దాటి కశ్మీర్, లడఖ్ ప్రాంతాలకు చేరుతుంది. మన దగ్గర పాక్షికమే. సంపూర్ణం చూడాలంటే మనవడితో లడఖ్ ప్రయాణం పెట్టుకోండి. భూమ్మీద ఏ ఒక్క చోటైనా సంపూర్ణ సూర్యగ్రహణం సగటున 375 ఏళ్ళకోసారి వస్తుందని ఖగోళ లెక్క. నల్లగొండలో కూర్చుని ఎదురుచూస్తే కుదరదు.

ఇంకో గ్రహణం గురించి కూడా చెప్పాలి. 1868 ఆగస్టు 18న ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి సంపూర్ణ గ్రహణం చూశాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు వెలుగును రంగులుగా విడదీసి చూస్తే కనబడిన పసుపుపచ్చ గీతే తర్వాత హీలియం అనే కొత్త మూలకాన్ని పట్టిచ్చింది. ఆ గుంటూరు గ్రహణమే మూడు సారోస్‌ల తర్వాత 1922లో ఆస్ట్రేలియాలో పడింది. నక్షత్రాల కాంతి సూర్యుడి దగ్గర వంగుతుందన్న ఐన్‌స్టీన్ మాటను అప్పుడు అక్కడ కొలిచి చూశారు. 1976లో మళ్ళీ వచ్చింది. 2030 నవంబరు 25న దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల మీదుగా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కాస్త దక్షిణానికి జరిగిపోతోంది. ఇక గుంటూరుకు రాదు.

ప్రశ్న: పుష్కరం పన్నెండేళ్ళకే ఎందుకు? 2015లో 144 ఏళ్ళకోసారి వచ్చే మహాపుష్కరం అన్నారు, మరి 2027లో వచ్చేది మామూలుదా? (రాజమహేంద్రవరం నుంచి డిగ్రీ విద్యార్థిని)

అమ్మా, పుష్కరం గురుగ్రహాన్ని బట్టి వస్తుంది. గురువు సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి, కన్యలో పెడితే కృష్ణకు. పన్నెండు రాశులూ చుట్టి రావడానికి గురువుకు పట్టేది నిండు పన్నెండేళ్ళు కాదు, సుమారు 11.86 సంవత్సరాలు. ఆ తేడా పోగవుతూ వస్తుంది. ఏడు చుట్లు తిరిగేసరికి 84 ఏళ్ళు కావాల్సింది 83కే అయిపోతుంది. అంటే మధ్యలో ఒకసారి పదకొండేళ్ళకే రావాలి. హరిద్వార్ కుంభమేళా చూడు: 2010 తర్వాత 2022లో కాక 2021లోనే జరిపారు. అంతకుముందు అలా జరిగింది 1938లో. రెంటికీ మధ్య సరిగ్గా 83 ఏళ్ళు. మన గోదావరికీ తేదీ ముందుకు జరుగుతోంది. 2015లో జూలై 14న మొదలైంది, 2027లో జూన్ 26 అంటున్నారు.

144 సంగతికొస్తే, పన్నెండు పన్నెండ్లు 144 అన్నది ఎక్కం. గురువు పన్నెండు చుట్లు తిరగడానికి 142 ఏళ్ళ పైచిలుకే పడుతుంది. 144వ ఏట ఆయన ఒక రాశి దాటి పక్క రాశిలో ఉంటాడు. కాబట్టి 2027లో వచ్చేదానికి ఏ లోటూ లేదు. నిశ్చింతగా స్నానం చెయ్యి, రద్దీ లేని ఘాటు చూసుకో.

ప్రశ్న: మృగశిర వచ్చినా చినుకు లేదు. మా అమ్మ చెప్పిన కార్తెలు ఇప్పుడు పనికిరావా? (జగిత్యాల జిల్లా నుంచి ఒక మహిళా రైతు)

అక్కా, కార్తె సూర్యుడిది, వాన సముద్రానిది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు. మృగశిరలోకి ఏటా జూన్ 7, 8 తేదీల్లో వస్తాడు, అందులో తేడా రాదు. నైరుతి మాత్రం సగటున జూన్ 1కి కేరళ చేరుతుంది. సగటు అంటే ఆ రోజు వస్తుందని కాదు. 2025లో మే 24కే కేరళ తాకింది, రోళ్ళు పగలాల్సిన రోహిణిలోనే మనకు వానలు పడ్డాయి. 2023లో కేరళకే జూన్ 8న వచ్చింది, తెలంగాణ చేరేసరికి ఆరుద్ర దగ్గర పడింది.

ఒక్క విషయం నిజం. కార్తెలు నక్షత్రాలను పట్టుకుని నడుస్తాయి, ఋతువులు భూమి వంపును పట్టుకుని నడుస్తాయి. ఈ రెంటికీ సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు ఎడం పడుతుంది. వెయ్యేళ్ళకు ఒక కార్తె అంత. మీ అమ్మగారి కాలానికీ మీకూ వచ్చిన తేడా ఒక్క రోజు కూడా ఉండదు, కాబట్టి నింద కార్తె మీద వేయకండి. పత్తి గింజ పెట్టడానికి మాత్రం కార్తెను చూడొద్దు, పదును చూడండి. మొత్తం మీద 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసేదాకా ఆగండి. తొలకరికే తొందరపడి రెండుసార్లు విత్తనం కొన్నవాళ్ళను ప్రతి ఏడూ చూశాను.

ప్రశ్న: ధాత కరువు గురించి మా ముత్తాత చెప్పేవాడట. అరవై ఏళ్ళకోసారి అదే పేరు సంవత్సరం వస్తుంది కదా, అదే కరువు కూడా వస్తుందా? సూర్యుడి మచ్చలను బట్టి కరువులు వస్తాయని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమేనా? (కర్నూలు నుంచి)

1876 ధాత సంవత్సరంలో మొదలైన ఆ కరువు మన బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ మైసూరులోనూ లక్షల మంది పోయారు. మళ్ళీ ధాత 1936లో వచ్చింది, ఆ తర్వాత 1996లో. 1996 ధాతలో మనకు గుర్తుండిపోయింది కరువు కాదు, నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫాను. కొబ్బరిచెట్లు తలలు తెగి పడిపోయిన ఆ ఏడాదికీ 1876కీ పేరు తప్ప పోలిక లేదు. అరవై సంవత్సరాల చక్రం గురువు, శనుల లెక్క. ఐదు చుట్లు గురువు, రెండు చుట్లు శని, కాస్త అటూఇటూగా కలుస్తాయి. వానకు దాంతో పని లేదు.

1876-78 కరువుకు పెద్ద కారణం పసిఫిక్ సముద్రంలో వచ్చిన బలమైన ఎల్‌నినో. అక్కడి నీళ్ళు వేడెక్కితే మన నైరుతి చాలాసార్లు బలహీనపడుతుంది. అది కూడా తిరిగి తిరిగి వచ్చేదే, కానీ రెండేళ్ళకు రావచ్చు, ఏడేళ్ళకు రావచ్చు. పోనీ వచ్చిన ప్రతిసారీ కరువు పడుతుందా అంటే అదీ లేదు. 1997లో పెద్ద ఎల్‌నినో వచ్చినా దేశం మొత్తం మీద వాన సగటుగానే పడింది.

సూర్యుడి మచ్చల సంగతి తమాషా అయినది. అవి ఒక చక్రంలా పెరిగి తగ్గుతాయని జర్మనీలో ష్వాబే అనే ఆయన 1843లో తేల్చాడు (ఆ చక్రం సగటున 11 ఏళ్ళని తర్వాత తేలింది). ఏళ్ళ తరబడి ఎండ కాసిన రోజల్లా సూర్యుణ్ణి చూసి మచ్చలు లెక్కపెట్టాడు. అంతవరకు నిక్కమైన మాట. ఆ తర్వాత జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త వచ్చి ఇంకో మెట్టు ఎక్కాడు. మచ్చలు మారితే ఇండియాలో పంటలు పోతాయి, మనవాళ్ళ చేతుల్లో డబ్బు ఆడదు, ఇంగ్లండు బట్టలు అమ్ముడుపోవు, అక్కడి వ్యాపారం దివాలా తీస్తుంది అన్నాడు. ధాత కరువు వార్తలు లండన్‌కు చేరుతున్న రోజులవి. అయితే వ్యాపార సంక్షోభాలు పదిన్నర ఏళ్ళకు కాస్త అటూఇటూగా వస్తున్నాయి, మచ్చలేమో 11 ఏళ్ళకు. లెక్క కలవలేదు. అప్పుడు ఆయన మచ్చల చక్రాన్నే పదిన్నరకు దగ్గరగా తీసుకున్నాడు! అంత తెలివైనవాడే అలా చేశాడంటే, వాట్సాప్ వాళ్ళను ఏమనగలం? రెండు వరసలు కాసేపు కలిసి నడిస్తే చాలు, ఒకదాని చెయ్యి ఇంకొకటి పట్టుకుందని అనుకుంటాం.

ప్రశ్న: మేడమ్, ఎకరంన్నర టమాటా పెట్టాను. పెట్టేటప్పుడు బాక్సు రేటు చూసి ఊరంతా మురిసిపోయాం, కోసేటప్పుడు కూలి డబ్బులూ రాలేదు. పోయినసారి కూడా ఇంతే. ఈ రేటు మళ్ళీ ఎప్పుడు లేస్తుందో చెప్పండి, అప్పుడే పెడతాను. (మదనపల్లె దగ్గర ఒక పల్లె నుంచి యువరైతు)

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గ్రహణానికి చెప్పినట్టు నీకు తేదీ చెప్పలేను. ఎందుకో కాస్త ఓపిగ్గా విను.

గ్రహణాన్ని మనం చూసినా చూడకపోయినా చంద్రుడి దారి మారదు. టమాటా రేటును మాత్రం చూసే కళ్ళే నడిపిస్తాయి. జూలైలో మండీలో రేటు వంద దాటిందనుకో, నువ్వు చూస్తావు, పక్క ఊరివాడు చూస్తాడు, కోలారువాడు చూస్తాడు, పత్తికొండవాడూ చూస్తాడు. అందరూ ఆ వారమే నారు కోసం పరుగెడతారు. నారు పెరగడానికి నెల రోజులు, నాటాక మొదటి కోతకు ఇంకో రెండు నెలలు, రెండున్నర నెలలు. ఆ మూడు నెలల్లో ఎవరెంత పెట్టారో ఎవరికీ కనబడదు. కాయ అందరిదీ ఒకేసారి పండుతుంది. రేటు పడిపోతుంది. కోత కూలి, బాక్సు కిరాయి, లారీ బాడుగ కలిపితే చేతికి వచ్చేదానికన్నా ఎక్కువవుతుంది. తోటల్లోకి గొర్రెలను తోలేస్తారు. ఆ పంటకు టమాటా మానేస్తారు. అందరూ మానేశారు కాబట్టి మూడు నాలుగు నెలలకు మళ్ళీ రేటు లేస్తుంది. 2023 నీకు గుర్తుండే ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో దేశమంతా టమాటా పేరు చెబితే హడలిపోయింది, పొలాల దగ్గర కాపలాలు పెట్టారు. సెప్టెంబరు తిరక్కుండానే కర్నూలు వైపు రైతులు రోడ్డు పక్కన పారబోశారు.

ఇది మన ఒక్కళ్ళ ఖర్మ కాదు. 1920ల చివర్లో జర్మనీలో హనావ్ అనే ఆయన పందుల ధరల్లో ఇదే ఆట పట్టుకున్నాడు. రేటు ఉన్నప్పుడు అందరూ పిల్లలను పెంచడం, అవి సంతకు వచ్చేసరికి రేటు పోవడం. కాగితం మీద గీస్తే గీతలు సాలెగూడులా వస్తాయని 1934లో కాల్డర్ అనే ఆర్థికవేత్త దానికి ఆ పేరే పెట్టాడు. పందికి ఏడాదికి పైగా పడుతుంది కాబట్టి వాళ్ళ చక్రం కొన్నేళ్ళు, టమాటాది కొన్ని నెలలు. మన గుంటూరు మిర్చిది ఏళ్ళ లెక్కే. పైగా మిర్చికి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, పోయినేటి సరుకు ఈ ఏటి రేటు మీద కూడా కూర్చుంటుంది. క్వింటాలు ఇరవై వేలు చూసినవాళ్ళకు, రెండు మూడేళ్ళు తిరిగేసరికి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలకు లెక్క కట్టి ఆదుకుంటామనాల్సి వచ్చింది.

దీని మీద ఋతువు చక్రం ఒకటి ఉంది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలం కింది మైదానాల్లో వేడికి పూత రాలిపోతుంటే, మీ దగ్గర కాయ నిలబడుతుంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా మీ సరుకుకు గిరాకీ అందుకే. ఇది మాత్రం నమ్మదగినది. అయితే మధ్యలో ఒక అకాల వర్షమో, ఆకుముడత వైరస్సో వచ్చిందంటే పై లెక్క మొత్తం ఒక నెల అటో ఇటో జరుగుతుంది.

మరి నువ్వు చేయగలిగింది ఏమిటి? మండీ బోర్డు చూడటం మానెయ్యి, నర్సరీకి వెళ్ళు. ప్రోట్రేలు వరసగా పేర్చి ఉంటాయి కదా, ఒక్కో ట్రేలో 98 గుంతలు, గుంతలో కొబ్బరిపొట్టు, ఒక్కో మొక్క. అక్కడ పావుగంట నిలబడి గమనించు. నారు లేదు, ఇరవై రోజుల తర్వాత రండి, అడ్వాన్సు కట్టి పోండి అంటున్నాడా? మూడు నెలల తర్వాత మండీ నిండిపోతుందని అర్థం. ట్రేలు అమ్ముడుపోక మొక్క ముదిరిపోతోందా, రేటు తగ్గించి ఇస్తానంటున్నాడా? అప్పుడు పెట్టినవాడికి కాస్త అవకాశం ఉంది. మండీ బోర్డు చెప్పేది ఇవాళ్టి రేటు. నువ్వు కోసే రోజు సంగతి నర్సరీవాడి అడ్వాన్సు పుస్తకంలో ఉంటుంది. నేను పనిచేసిన రోజుల్లో మండీ రేటు రాసుకునే ముందు నర్సరీల్లో నారు అడిగేదాన్ని. నలుగురు నర్సరీవాళ్ళను అడిగితే ఆ ప్రాంతం బొమ్మ వచ్చేసేది.

రెండోది, ఎకరంన్నర ఒకేసారి నాటకు. అరెకరం చొప్పున ఇరవై రోజుల తేడాతో మూడు దఫాలుగా నాటు. ఒక దఫా దెబ్బ తిన్నా ఇంకోటి నిలబెడుతుంది. కర్రలు, దారం ఖర్చు ఒక్కసారి మీద పడదు కూడా. అప్పు తెచ్చి మాత్రం ఎకరాలు పెంచకు. రేటు బాగున్న నెలలో అప్పిచ్చేవాడు కూడా ఉదారంగానే ఉంటాడు.

రేటు లేచినప్పుడే పెడతానన్నావు. ఆ ఒక్కటే వద్దు.

ప్రశ్న: మా బంగినపల్లి తోట పోయినేడు కొమ్మలు విరిగేలా కాసింది, ఈ ఏడు ఆకే తప్ప పూత లేదు. దిష్టి తగిలిందంటున్నారు. (నూజివీడు నుంచి ఒక గృహిణి)

దిష్టి కాదమ్మా, అలసట. విరగకాసిన ఏడు చెట్టు దాచుకున్న పిండిపదార్థం అంతా కాయలకే పోతుంది. పైగా కాయల్లోని టెంకలు విడుదల చేసే హార్మోన్ వచ్చే ఏటి పూతను అణచిపెడుతుంది. కోత ఆలస్యమైతే కొత్త చిగురు కూడా ఆలస్యంగా వస్తుంది, అది ముదిరి పూతకు వచ్చేలోపు కాలం దాటిపోతుంది. మరుసటి ఏడు కాయ లేదు కాబట్టి చెట్టు బలం పుంజుకుంటుంది, ఆ పై ఏడు మళ్ళీ విరగకాస్తుంది. ఒక చెట్టు కాసి పక్కచెట్టు మానేస్తే తోట మొత్తం మీద తెలియదు. కానీ ఒక ఏడు గాలివానకు పూతంతా రాలిపోయిందనుకోండి, చెట్లన్నీ ఒకేసారి విశ్రాంతి తీసుకుని, మరుసటి ఏడు ఒకేసారి కాస్తాయి. అప్పటినుంచి ఊరు ఊరంతా ఒకే వరసలో పడుతుంది. మీ చుట్టుపక్కల తోటలు కూడా ఈ ఏడు ఖాళీగా ఉన్నాయని రాశారు కదా, అదే అయ్యుంటుంది.

కాపు లేని ఏడు కదా అని ఎరువు మానేయకండి, చాలామంది చేసే పని అదే. తొలకరి పడగానే పశువుల ఎరువు వేయండి, ఎండుపుల్లలు, లోపల నీడన పడిన కొమ్మలు తీసేసి గాలి, వెలుతురు ఆడనివ్వండి. కల్తార్ అనే పూత మందు పోయిస్తామని వచ్చేవాళ్ళు ఉంటారు. వయసులో ఉన్న బలమైన చెట్టుకైతే మోతాదు తెలిసినవాళ్ళతో పోయించవచ్చు, చిన్న చెట్లకూ నీరసించిన చెట్లకూ వద్దే వద్దు. వచ్చే ఏడు కాయ బాగా నిలబడితే పిందె దశలోనే కొంత దులిపేయండి. మీ ఇంట్లో ఒప్పుకోరు, నాకు తెలుసు. అయినా ఒక వరస చెట్లకైనా చేసి, దులపని వరసతో రెండేళ్ళు పోల్చి చూడండి.

తోట గట్టు మీద నాలుగు నీలం చెట్లు ఉన్నాయని రాశారు. నీలం ఏటా కాసే రకం. ఈ ఏడు వాటి మీద కాయ ఉందో లేదో రాయలేదు, అది రాసి పంపితే మిగతాది వచ్చే నెల చెబుతాను.